కురామా కొండ – మాటల్లేని పరామర్శ

జపాన్ అనగానే మనకి గుర్తొచ్చేవి చెర్రీ పూలు, బుల్లెట్ రైలు, కిమోనోలు. క్యోటో వెళ్ళినవాళ్ళు బంగారు రేకులు తాపిన గుడి చూస్తారు. ఎర్ర తోరణాల వరస కింద నడుస్తారు. విసనకర్రలూ, పింగాణీ గిన్నెలూ కొనుక్కుని వచ్చేస్తారు. అదే ఊరికి ఉత్తరాన, చిన్న లోకల్ రైల్లో అరగంట దూరంలో ఒక కొండ ఉంది. దాని పేరు కురామా.

మీ వీధి చివరో, మీ చెల్లెలుగారి కాలనీలోనో ‘రేకీ నేర్పబడును’ అన్న బోర్డు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు కదూ! 1990ల్లో మన పట్టణాల్లో ఇలాంటి బోర్డులు తెగ వెలిశాయి. ఆ రేకీకి పుట్టినిల్లు ఈ కొండే.

ఈ వారం మిమ్మల్ని ఆ కొండకి తీసుకెళ్తాను. ఊరికే చూసి రావడానికి మాత్రం కాదు. ఇంట్లో మనిషి పోతే మిగిలినవాళ్ళ గుండె ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అలాంటివాళ్ళకి రేకీ పనికొస్తుందని కొందరు చెబుతారు. నిజంగా పనికొస్తుందా? వస్తే ఎంతవరకు? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? దారిలో మాట్లాడుకుందాం, రండి.

రైలు దిగగానే పొడుగు ముక్కు

క్యోటోలో దెమాచియానాగి అనే స్టేషన్ నుంచి ఎయిజాన్ వారి రైలు బయల్దేరుతుంది. రెండే పెట్టెలు. ఇళ్ళ పెరళ్ళ పక్కనుంచి, ఆరేసిన బట్టల్ని రాసుకుంటుందేమో అన్నట్టు పోతుంది. మేం వెళ్ళింది 2023 నవంబరులో. మనకి కార్తీకమాసం రోజులు. అక్కడ మేపుల్ ఆకులు ఎర్రబడే కాలం. ఇచిహారా, నినోసే స్టేషన్ల మధ్య రైలు ఆ చెట్ల నడుమ నుంచే వెళ్తుంది. రెండు వైపులా కుంకుమ రంగు! పెట్టెలో మాట్లాడుకుంటున్నవాళ్ళు కూడా ఠక్కున మాట ఆపేశారు.

నాతో మా పెద్దాడపడుచు ఉన్నారు. వాళ్ళబ్బాయికి ఒసాకాలో ఉద్యోగం. ‘అత్తా, అమ్మని నువ్వే తీసుకురా, ఒక్కతీ రానంటోంది’ అని పట్టుబట్టాడు. అన్నయ్యగారు 2021 మేలో కరోనా రెండో విడతలో పోయారు. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. శవాన్ని ఇంటికి తేలేదు. చుట్టం రాలేదు, పక్కం రాలేదు. పన్నెండు రోజులూ ఆవిడ ఒక గదిలో, కొడుకు వేరే దేశంలో. పరామర్శలన్నీ ఫోన్లోనే జరిగాయి. అప్పట్నుంచీ వదినగారు అడిగితే జవాబు చెప్పడం, పెడితే తినడం... అంతే.

కురామా ఆఖరి స్టేషన్. బయటికి రాగానే మనిషికన్నా పెద్ద ఎర్రటి తల ఒకటి కనబడుతుంది, బారెడు ముక్కుతో. దాన్ని తెంగు అంటారు. కొండల్లో తిరిగే ఒక రకం యక్షుడనుకోండి. 2017 జనవరిలో మంచు బరువుకి దీని ముక్కు విరిగిపడితే, స్టేషన్‌వాళ్ళు అతికించి, పైన ఓ పెద్ద తెల్లటి బ్యాండేజి పట్టీ వేశారట! 2019లో కొత్త తల పెట్టారు. ఇది విని వదినగారు కొంచెం నవ్వారు.

ఈ కొండకి తగిలిన దెబ్బ ముక్కుతో పోలేదు. 2018 సెప్టెంబరు తుఫానులో ఇక్కడ దేవదారు చెట్లు విపరీతంగా కూలిపోయాయి. 2020 జులైలో వానలకి కొండచరియ విరిగి రైలుదారి మీద పడింది. ఏడాదికి పైగా ఈ ఊరికి రైలే లేదు. 2021 సెప్టెంబరులో మళ్ళీ మొదలైంది. దారి పొడుగునా నరికిన మొదళ్ళు ఇంకా కనబడుతూనే ఉంటాయి.

దగ్గరే గానీ దూరం

ఊరి వీధి దాటితే నియోమోన్ అనే గుడి ద్వారం. అక్కడ టిక్కెట్టు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గుడివాళ్ళే నడిపే చిన్న కేబుల్ కారుంది. రెండు వందల మీటర్లు, రెండు నిమిషాల ప్రయాణం. జపాన్‌లోకల్లా పొట్టి రైలుమార్గం ఇదే. మేం నడిచే వెళ్ళాం.

దారిలో యుకి అనే ఆలయం వస్తుంది. ఏటా అక్టోబరు 22న రాత్రి ఇక్కడ కాగడాల పండుగ చేస్తారు. ఊరి మగవాళ్ళు పెద్ద పెద్ద కాగడాలు భుజాన పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఆలయం పక్కన ఎనిమిది వందల ఏళ్ళదని చెప్పే దేవదారు వృక్షం. తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది.

అక్కడినుంచి దారి మెలికలు తిరుగుతుంది. పైన గుడి కప్పు ఇదిగో అన్నట్టు కనబడుతుంది. ఎంత నడిచినా రాదు. సేయ్ షోనగాన్ అని వెయ్యేళ్ళ కిందట జపాన్ మహారాణి కొలువులో ఉండే ఒక చెలికత్తె, దగ్గరగా ఉంటూనే దూరంగా ఉండేవాటి జాబితా ఒకటి తన పుస్తకంలో రాసింది. అందులో ఈ కురామా మెలికల దారి కూడా ఉంది. వదినగారికి ఆ మాట చెప్పాను. కాసేపు ఊరుకుని, “పక్కమంచం కూడా అంతేనే” అన్నారు.

నాకు జవాబు తోచలేదు. అసలు అలాంటి మాటకి జవాబుంటుందా?

నోరు తెరిచిన పులి, మూసుకున్న పులి

కురామా గుడి పుట్టింది 770లో అంటారు. గాంతేయ్ అనే భిక్షువుకి జీను వేసిన తెల్లగుర్రం దారి చూపించిందట. కురామా అన్న పేరు రాసే అక్షరాలకి అర్థం జీను, గుర్రం. గుళ్ళో దేవుళ్ళ పేర్లు వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఒకరు బిషామోన్‌తెన్. అంటే మన వైశ్రవణుడు, కుబేరుడే! ఉత్తర దిక్కుకి కాపలా. ఇంకొకరు వెయ్యి చేతుల కన్నొన్. మన అవలోకితేశ్వరుడే అక్కడికెళ్ళి అమ్మవారిలాంటి రూపం దాల్చాడు. ఎన్ని కష్టాలుంటే అన్ని చేతులు కావాలి కదా, అందుకని వెయ్యి చేతులు. మూడో దేవుడి పేరు మావోసన్, ఈ కొండని కాచేవాడు.

మామూలుగా జపాన్ గుళ్ళ ముందు సింహం పోలిక బొమ్మలుంటాయి. ఇక్కడ పులులు. ఒకటి నోరు తెరిచి ఉంటుంది, ఇంకొకటి మూసుకుని. తెరిచిన నోరు ‘అ’కారం, మూసినది ‘హూం’కారం. సంస్కృతం నుంచి చైనా మీదుగా వెళ్ళిన అక్షరాలే. మొదలూ, ముగింపూ. రెంటి మధ్యనుంచే గుళ్ళోకి దారి.

గుడి ముందు నేలమీద రాళ్ళతో పరిచిన పెద్ద ముగ్గులాంటి చక్రం ఉంది. దాని నడిమధ్య త్రికోణం మీద నిలబడి దణ్ణం పెట్టుకోవడానికి జనం వరసలో నిలబడతారు. తోసుకోరు, తొందరపెట్టరు. పాత గుడి 1945లో కాలిపోతే ఇప్పుడున్నది 1971లో కట్టారు.

ఉసుయిగారి ఉపవాసం

1922లో ఈ కొండమీదికి మికావో ఉసుయి అనే ఆయన వచ్చాడు. 1865లో గిఫు ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టాడు. తెలివైనవాడే, చాలా చదివాడు, చాలా తిరిగాడు, కానీ పట్టిందల్లా ఎదురుతన్నింది. టోక్యోలో సైహోజి అనే గుడి శ్మశానంలో ఆయన శిష్యులు 1927లో వేయించిన శిలాఫలకం ఉంది. ఈ సంగతి దాంట్లోనే చెక్కి ఉంది. ఆయన కురామా కొండమీద ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాడనీ, ఆఖర్న నడినెత్తిన ఒక మహాశక్తి సోకినట్టయిందనీ ఆ ఫలకం చెబుతుంది. ‘రే’ అంటే దివ్యమైనది, ‘కి’ అంటే ప్రాణశక్తి. రెండూ కలిపి రేకీ.

ఆయన ఏ చెట్టుకింద కూర్చున్నాడో చెప్పే గుర్తేదీ మాకు కనబడలేదు. గుడివాళ్ళది వేరే సంప్రదాయం, వాళ్ళు రేకీ నేర్పరు. రేకీ కోసమే దూరదేశాలనుంచి వచ్చినవాళ్ళు ఓ చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చుని వెళ్ళిపోతారు.

కొండ దిగి ఆయన టోక్యోలో నేర్పడం మొదలుపెట్టాడు. మరుసటేడే, 1923 సెప్టెంబరు 1న, టోక్యోలో మహా భూకంపం. మధ్యాహ్నం పొయ్యిలమీద వంట అవుతున్న వేళ! భూమి అదిరి, పొయ్యిలు తిరగబడి, కొయ్య ఇళ్ళు అంటుకుని, లక్షమందికి పైగా పోయారు. ఇంటికొక చావు. అప్పుడు ఉసుయి రోజూ ఊళ్ళోకి వెళ్ళి దెబ్బలు తగిలినవాళ్ళకీ, బాధలో ఉన్నవాళ్ళకీ తన పద్ధతిలో సాయం చేశాడని ఫలకంలో ఉంది. ఆ తర్వాత ఆయన ఎన్నాళ్ళో లేడు. 1926లో పోయాడు. అప్పటికి శిష్యులు రెండు వేలమందికి పైగా అయ్యారట.

ఆయన శిష్యులకి చెప్పిన నియమాలు ఐదు. కోపం వద్దు, దిగులు వద్దు, కృతజ్ఞత ఉండాలి, పని చేసుకోవాలి, తోటివారిమీద దయ ఉండాలి. ఇవి మన పెద్దలు చెప్పనివేం కావు. ఒక్క తేడా ఉంది. ఇవన్నీ జన్మంతా పాటించమని కాదు, ఈ ఒక్కరోజుకి అని చెప్పాడాయన. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి రేపటి సంగతి ఎత్తితే భయం. ముందున్న ఏళ్ళన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఇవాళ సాయంత్రందాకా అంటే సర్దుకోవచ్చు.

రేకీని దేశాలు దాటించిన గృహిణి

జపాన్‌లో ఉన్న ఈ పద్ధతిని లోకానికి తెచ్చిందెవరనుకున్నారు? మనలాంటి ఒక గృహిణి. భర్త పోయిన మనిషి. ఆవిడ పేరు హవాయో తకాటా.

1900లో హవాయి ద్వీపాల్లో, చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన జపాన్ కుటుంబంలో పుట్టింది. 1930లో భర్త పోయాడు. అప్పటికావిడకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఇద్దరు ఆడపిల్లలు. పిల్లల కోసం వెనకా ముందూ చూడకుండా పనిచేసింది. ఐదేళ్ళు తిరిగేసరికి ఒళ్ళు గుల్లయింది. ఆయాసం, కడుపునొప్పి. అంతలో తోబుట్టువు పోయింది. ఆ కబురు జపాన్‌లో ఉన్న తల్లిదండ్రులకి ఉత్తరంలో రాయలేక, ఓడెక్కి తనే వెళ్ళింది.

అక్కడ ఆపరేషనుకి సిద్ధమవుతూ, వేరే దారేదైనా ఉందా అని అడిగితే చూజిరో హయాషి ఆశ్రమానికి పంపారట. హయాషి నౌకాదళంలో పనిచేసినవాడు, ఉసుయి శిష్యుడు. ఇద్దరు మనుషులు ఆమెమీద ఊరికే చేతులు వేసి కూర్చున్నారు. ఆ చేతులు ఎంత వెచ్చగా ఉన్నాయంటే, వీళ్ళు బట్టల్లో ఏదో యంత్రం దాచారని అనుమానం వచ్చి, ఒకాయన కిమోనో చేతిని పట్టుకుని లాగి చూసిందట! ఈ కథ ఆవిడే చెప్పుకునేది. తనకి నయమైందనీ చెప్పేది. అది రేకీవల్లేనా, విశ్రాంతివల్లా, ఐదేళ్ళ తర్వాత ఎవరో తనని పడుకోబెట్టి చూసుకున్నందువల్లా... ఎవరం చెప్పగలం?

అక్కడే ఉండి నేర్చుకుని 1937లో హవాయికి తిరిగొచ్చింది. 1980లో పోయేలోగా ఇరవై ఇద్దరిని గురువులుగా తయారుచేసింది. ఆ ఇరవై ఇద్దరి శిష్యులూ, ప్రశిష్యులూ రేకీని దేశదేశాలకీ తీసుకెళ్ళారు. భూకంపంలో గూడు చెదిరినవాళ్ళ మధ్య తిరిగిన విద్య ఒక వితంతువు చేతులమీదుగా లోకమంతా పాకింది. అందుకే కాబోలు, దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికి రేకీవాళ్ళు ఇప్పటికీ వెళ్తుంటారు. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ అవసానదశ రోగుల్ని చూసుకునే కొన్ని ఆశ్రమాల్లో, రోగికే కాక వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా ఓ గంట రేకీ చేస్తారు. మందుకి బదులుగా కాదు, మందుతో పాటు.

వేళ్ళమీద నడక

మళ్ళీ కొండమీదికి వద్దాం. పెద్ద గుడి వెనకనుంచి దారి ఇంకా పైకెక్కి, అవతలివైపు కిబునే అనే ఊళ్ళోకి దిగుతుంది. గంట, గంటన్నర పడుతుంది. మధ్యలో ఒకచోట నేలంతా చెట్లవేళ్ళే. వేళ్ళ దారి అనే దానికి పేరు. అక్కడ కింద రాయి చాలా గట్టిది. వేళ్ళు లోపలికి దిగలేక, పైపైనే పాకి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిమీద అడుగేస్తే చెట్టుకి దెబ్బ అని అక్కడ జాగ్రత్తగా తప్పించుకుని నడుస్తారు.

ఆ దారి దిగుతుంటే వదినగారికి అడుగు తడబడింది. చెయ్యిచ్చాను. పట్టుకున్నారు. కిబునే దాకా వదల్లేదు. కింద ఏటి ఒడ్డున, ఎర్ర దీపస్తంభాల మెట్ల దగ్గర కూర్చుని టీ తాగాం.

ఆ గంటసేపు

మర్నాడు ఒసాకాలో మేనల్లుడి పొరుగింటావిడ మమ్మల్ని టీకి పిలిచారు. డెబ్బై దాటిన మనిషి. ముందుగదిలో చిన్న చెక్కమందిరం, అందులో ఆవిడ భర్త ఫొటో. రోజూ పొద్దున్న వండిన అన్నంలో మొదటి ముద్ద అక్కడ పెడతారట. మనకి పన్నెండు రోజులైతే వాళ్ళకి నలభై తొమ్మిది. ఆగస్టులో పోయినవాళ్ళందరూ ఇళ్ళకొస్తారని దీపాలు పెడతారు. మన పితృపక్షం లాంటిదే. ఆవిడకి రేకీ వచ్చు. డబ్బుకి చేయరు. మేనల్లుడి చేత అడిగించారు, ‘మీ అమ్మగారికి ఇష్టమైతే చేయనా?’ అని. వదినగారు తలూపారు.

ఎలా చేస్తారో చెబుతాను, వినండి. బట్టలతోనే పడుకోవాలి. ఏదీ విప్పనక్కర్లేదు. పైన దుప్పటి కప్పుతారు. చేసేవాళ్ళు చేతులు రెండూ తేలిగ్గా ఆనిస్తారు, లేదా బెత్తెడు ఎత్తులో ఉంచుతారు. ముందు తల, కళ్ళు, ఆ తర్వాత భుజాలు, గుండె, పొట్ట. ఒక్కోచోట మూడు నుంచి ఐదు నిమిషాలు. నొక్కడం, పిసకడం, నూనె రాయడం ఏమీ ఉండవు. మాటలుండవు. నిద్ర పట్టేస్తే లేపరు. ఏడుపొస్తే ఆపరు.

వదినగారు పది నిమిషాలు కళ్ళు తెరిచే ఉన్నారు. తర్వాత మూసుకున్నారు. కళ్ళ కొసలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి. ఆవిడ తుడవలేదు, చెయ్యి తియ్యలేదు. అరగంట దాటాక గురక వినబడింది!

సాయంత్రం నేను నెమ్మదిగా అడిగాను, “ఎలా ఉంది వదినగారూ?” అని.

“అందరూ ఫోన్లు చేశారే. ఏడవకు అన్నారు, ధైర్యంగా ఉండు అన్నారు, రాసిపెట్టి ఉంది అన్నారు. ఈవిడకి మన భాష రాదు, ఏమీ చెప్పలేదు. అందుకే బావుంది” అన్నారు. కాసేపాగి, “రెండేళ్ళయిందే నన్నెవరైనా ముట్టుకుని” అన్నారు.

ఆ మాట మీరూ ఒక్కసారి ఆలోచించండి. భర్త పోయిన మనిషిని, కన్నబిడ్డని పోగొట్టుకున్న తల్లిని మనం ఎంతగా పలకరిస్తాం! ముట్టుకునేది ఎంతమందిమి? మొదటి పదిరోజులూ మైల అంటాం. ఆ తర్వాత మొహమాటం. కరోనా రోజుల్లో అది భయం కూడా అయింది. పిల్లలు పెద్దవాళ్ళయి దూరదేశాల్లో ఉన్న ఇంట్లో, ఒంటరిగా మిగిలిన ఆడమనిషి ఒంటిమీద మరో మనిషి చెయ్యి పడక నెలలూ, ఏళ్ళూ గడిచిపోతాయి.

ఎంతవరకు నమ్మాలి?

రేకీ ఫలానా జబ్బుని తగ్గిస్తుందని స్పష్టంగా రుజువు కాలేదు. వాళ్ళు చెప్పే శక్తి ఉందని ఏ పరికరమూ చూపించలేదు. ఈ మాట అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగమే చెప్పింది. అయితే గంటసేపు కదలకుండా పడుకోవడం, ఊపిరి నెమ్మదించడం, పక్కన ఒక మనిషి మౌనంగా మనకోసమే కూర్చుని ఉండటం... ఇవి మాత్రం కల్పన కాదు. దుఃఖంలో నిద్ర కరువైనవాళ్ళకి అవే పెద్ద భాగ్యం. దుఃఖం పోతుందని కాదు. దాన్ని మోసేవాళ్ళు కాసేపు బరువు దించుకుని కూర్చుంటారు, అంతే. నాకు తెలిసినంతలో రేకీ ఇవ్వగలిగింది ఇదే. ఇది తక్కువేం కాదు.

అందుకని ఎవరి దగ్గరికైనా వెళ్ళేముందు ఇవి గుర్తుపెట్టుకోండి:

• ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేసేచోటికి వెళ్ళండి. మొదటిసారి తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి. వాళ్ళు గదిలోనే ఉంటామంటే కాదనేచోట చేయించుకోవద్దు.

• బీపీ, షుగరు, గుండె మందులు మానెయ్యమని చెప్పేవాళ్ళ గుమ్మం తొక్కొద్దు.

• పోయినవాళ్ళతో మాట్లాడిస్తాం, కబురు తెచ్చిపెడతాం అంటే వెంటనే లేచి వచ్చెయ్యండి. దుఃఖంలో ఉన్న మనిషి ఎంతైనా ఇస్తుంది. అది తెలిసి అడిగేవాళ్ళుంటారు.

• డబ్బు ఎంతో ముందే అడగండి. తకాటాగారే గురువుగా తయారుచేయడానికి పదివేల డాలర్లు తీసుకునేవారు! ఓదార్పు కోసం వెళ్ళినవాళ్ళు ఆ మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు.

• పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్ళని బలవంతాన పడుకోబెట్టొద్దు. కొందరికి ముట్టుకుంటే గిట్టదు. అడిగి, ఊ అంటేనే.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. ఆరు నెలలు దాటినా తిండి సయించక, నిద్ర పట్టక, ఏ పనిమీదా చెయ్యి సాగకపోతే అది ‘మనసు బాగోలేదు’తో సరిపెట్టుకునే సంగతి కాదు. డాక్టరుకి చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట నోట వస్తే ఆరు గంటలు కూడా ఆగకండి. 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. ఇది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ సేవ. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోనే...

రేకీవాళ్ళు దీక్ష తీసుకుంటేనే చేతికి శక్తి వస్తుందంటారు. అది వాళ్ళ పద్ధతి. మన చెయ్యి మనమీద వేసుకోవడానికి ఎవరి దీక్షా అక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టనప్పుడు వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి గుండెమీద, ఒక చెయ్యి పొట్టమీద ఆనించుకోండి. ఊపిరికి చెయ్యి ఎలా లేచి దిగుతోందో గమనిస్తూ ఉండండి. ఏడుపొస్తే రానివ్వండి. వదినగారు ఇప్పుడు రోజూ ఇలాగే పడుకుంటారు. నిద్ర కాస్త నయమంటారు. అన్నయ్యగారి మాట కూడా అప్పుడప్పుడు ఎత్తుతున్నారు. ఆయనకిష్టమని గుత్తివంకాయ రెండేళ్ళు వండలేదు. మొన్న సంక్రాంతికి వండారు.

వెళ్ళాలనుకుంటే...

క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైనులో ఒక్క స్టేషన్ వెళ్తే తోఫుకుజి. అక్కడ కేయ్‌హాన్ రైలు మారితే చివరి స్టేషన్ దెమాచియానాగి. అక్కడినుంచి కురామా. నవంబరులో రద్దీ ఎక్కువ, పొద్దున్నే బయల్దేరండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు కొంచెం పైకి కట్టుకోండి, మెట్లు బాగా ఉంటాయి.

శాకాహారులకి జాగ్రత్త. అక్కడి పులుసుల్లో, చారుల్లో చేపల రసం ఉంటుంది, కంటికి కనబడదు. అడిగి తినండి. కురామా వీధిలో బియ్యప్పిండి ముద్దలో ఎర్రచిక్కుళ్ళ పూర్ణం పెట్టిన మోచి దొరుకుతుంది, మన పూర్ణాలకి దూరపు చుట్టం. కొంబు అనే సముద్రపు ఆకుని సోయా రసంలో, సన్షో అనే ఘాటైన ఆకుతో ఉడికించి అమ్ముతారు. వేడి అన్నంలో చిటికెడు నంజుకుంటే గోంగూర పచ్చడి గుర్తొచ్చేంత ఘాటు కాదుగానీ, నాలుక కొంచెం చిమచిమలాడుతుంది. ఓ పొట్లం తెచ్చుకోండి.

కురామా వెళ్ళే వీలు అందరికీ ఉండదు. పరామర్శకి వెళ్ళడం మాత్రం ఎవరికీ తప్పదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆపిల్ పళ్ళ సంచీ పక్కన పెట్టి, ఆవిడ పక్కనే కింద కూర్చోండి. చెయ్యి చేతిలోకి తీసుకోండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఏమీ మాట్లాడకండి. పదకొండో రోజు అందరూ వెళ్ళిపోతారు కదా, పన్నెండు దాటాక ఇంకోసారి వెళ్ళండి.